దెయ్యం నోట ఎప్పుడూ పొరుగువారి భాషేనా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సినిమా పేజీలో దెయ్యాల సినిమాల్లోని మూస పాత్రల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పాడుబడిన బంగళాను చవగ్గా కొనుక్కుని దిగే కుటుంబం, వద్దన్న గది తలుపే తెరిచే కోడలు, భయపడుతూ మనల్ని నవ్వించే బావమరిది, నిమ్మకాయలూ ముగ్గులతో వచ్చే మంత్రవాది, వీళ్లందరినీ వ్యాసకర్త చక్కగా పట్టుకున్నారు. అయితే మూడు తరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగు కుటుంబానికి చెందిన నాకు ఆ వరుసలో ఒక ముఖ్యమైన పాత్ర కనిపించలేదు. ఆ పాత్ర పరాయి భాష మాట్లాడే నర్తకి.

1993లో మలయాళంలో వచ్చిన ‘మణిచిత్రతాళు’లో, చచ్చి దెయ్యమై పాత మేడను పట్టుకుందని చెప్పుకునే నాగవల్లి తంజావూరు నుంచి తీసుకొచ్చిన తమిళ నర్తకి. అదే కథను 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా తీసినప్పుడు ఆమె తెలుగు నర్తకి అయింది. మరుసటి ఏడాది తమిళంలో వచ్చిన ‘చంద్రముఖి’లోనూ ఆమె తెలుగు మనిషే, పాడేదీ తెలుగు పాటే. ఆ తమిళ చిత్రాన్ని తెలుగులోకి డబ్బింగ్ చేసినప్పుడు, తెలుగు పాటకు తెలుగువారు ఉలిక్కిపడరని అనుకున్నారేమో, ‘రా రా’ అన్న పాటను తీసి దాని చోట తమిళ పాట పెట్టారు. 2007లో హిందీలో ‘భూల్ భులయ్యా’ వచ్చేసరికి ఆమె బెంగాలీ మంజులిక. కథ ఒకటే, మేడ ఒకటే, అర్ధరాత్రి గజ్జెల చప్పుడూ ఒకటే. మారిందల్లా ఆ ఆడమనిషి భాష. ఎక్కడికి వెళ్లినా ఆమె అక్కడివారి మనిషి మాత్రం కాదు.

ఆ చిత్రాలను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ‘మణిచిత్రతాళు’లో శోభన నటనకు జాతీయ పురస్కారం రావడం న్యాయమే. పైగా మూలకథలో దెయ్యం అనేదే లేదు. ఒక యువతి మనసుకు వచ్చిన జబ్బు, దాన్ని గుర్తుపట్టి నయం చేసే వైద్యుడు ఉన్నారు. కానీ హాల్లోంచి బయటికి వచ్చిన జనానికి గుర్తుండిపోయింది ఆ జబ్బు కాదు, ఆ భాష.

ఇది నేను ఊహించి రాస్తున్న మాట కాదు. మా మనవరాలు ఏడో తరగతి చదువుతోంది, దాని తమ్ముడు రెండో తరగతి. పొద్దున బడి వ్యాను వచ్చి హారన్ కొడుతుంటే, బూటు లేసు కట్టుకుంటూ మెట్ల మీద కూర్చున్న తమ్ముణ్ణి అది ‘రా రా, త్వరగా రా’ అని పిలిచేది. ఒకరోజు వ్యానులో పిల్లలు ఆ మాట పట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, వేళ్లు వంకర తిప్పి ‘రా రా’ అని పాడారట. వాళ్లలో ఒక్కరు కూడా ‘చంద్రముఖి’ విడుదలయ్యేనాటికి పుట్టినవారు కాదు. టీవీలోనూ ఫోన్లలోనూ ముక్కలు ముక్కలుగా చూసినవారే. వారం రోజుల తరువాత గమనించాను, మనవరాలు తమ్ముణ్ణి ‘సీక్కిరం వాడా’ అని పిలుస్తోంది. తమిళం దానికి బాగా వచ్చు, నాకూ వచ్చు, ఆ భాష మీద మాకు ప్రేమే తప్ప మరొకటి లేదు. కానీ తమ్ముణ్ణి పిలవడానికి ఇంటి మాట పనికిరాకుండా పోయినందుకు ఆ పొద్దున నాకు చాలా బాధ కలిగింది.

‘చంద్రముఖి’ కథలో ఆ నర్తకి చేసిన నేరం ఏమిటి? తనను తన ఊరి నుంచి తెచ్చి మేడలో పెట్టుకున్న రాజును కాదని, మరో నర్తకుణ్ణి ప్రేమించింది. రాజు అతని తల నరికి, ఆమెను బతికుండగానే కాల్చేశాడు. న్యాయంగా చూస్తే మనం భయపడవలసింది ఆ రాజును చూసి. తమిళ చిత్రంలో రజనీకాంత్ ఆ రాజు వేషంలో అన్న ‘లకలకలక’ను పిల్లలు సరదాగా అనుకరిస్తారు, పెద్దలు మురిసిపోతారు. చంపినవాడి కూత ముద్దయింది, చచ్చినదాని పాట గగుర్పాటయింది. మూస పాత్రల వల్ల జరిగే అసలు నష్టం ఇదేనని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే అన్యాయం ఎవరికి జరిగిందన్న ప్రశ్న దాకా అవి మనల్ని వెళ్లనివ్వవు.

ఇదే చెన్నైలో మార్గళి (ధనుర్మాసం) వస్తే సంగీత సభల్లో ‘రారా మా ఇంటిదాకా’ అని త్యాగయ్య అసావేరి కీర్తన పాడుతుంటే తమిళ శ్రోతలు కళ్లు మూసుకుని తాళం వేస్తారు. భరతనాట్య వేదికల మీద నేటికీ క్షేత్రయ్య పదాలకు అభినయం చేస్తున్నారు. తమిళ దేశంలో తెలుగు నర్తకి అన్నది సినిమావాళ్లు గాలిలోంచి పుట్టించిన సంగతి కాదు, దాని వెనుక నిజమైన చరిత్ర ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని గణిక, ‘రాధికా సాంత్వనము’ రాసిన కవయిత్రి. ఆ కావ్యాన్ని 1910లో పరిష్కరించి అచ్చు వేయించిన బెంగళూరు నాగరత్నమ్మ దేవదాసి కుటుంబంలో పుట్టి, ఈ మద్రాసులోనే పేరు తెచ్చుకుని, తన సొంత సొమ్ముతో తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరం కట్టించారు. అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధిస్తే, టంగుటూరి ప్రకాశం పంతులుగారి హయాంలో గాని ఆ నిషేధం తొలగలేదు. ఇంత చదువూ ఇంత తెగువా ఉన్న స్త్రీల నుంచి మన చిత్రాలు తీసుకున్నది గజ్జెలు, విరబోసిన జుట్టు, కాటుక చెదిరిన కళ్లు మాత్రమే.

భయం కథల్లో పరాయివాడి పాత్రను ఎలా రాయాలన్నది మనకొక్కరికే వచ్చిన సమస్య కాదు. అమెరికాలో 1968లో వచ్చిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో నల్లజాతి కథానాయకుడు రాత్రంతా శవాలతో పోరాడి బతికి, తెల్లవారాక కాపాడటానికి వచ్చినవారి తుపాకీకే బలైపోతాడు. 2017లో జోర్డన్ పీల్ ‘గెట్ అవుట్’లో నల్లజాతి యువకుడి కళ్లతోనే కథ నడిపి, భయపెట్టేవారు ఎవరో, భయపడేవారు ఎవరో తిరగేసి చూపించి, ఉత్తమ మౌలిక స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకున్నారు. మన నర్తకి కథను ఆమె వైపు నుంచి ఆమె భాషలో చెప్పే రచయిత కోసం నేను ఎదురుచూస్తున్నాను. 2023లో ‘చంద్రముఖి 2’ వచ్చినప్పుడు ఆశపడ్డాను గాని ఆ ఆశ తీరలేదు.

అంతవరకూ మీ సమీక్షకులకు నాదొక విన్నపం. దెయ్యం సినిమాకు నక్షత్రాలు వేసేటప్పుడు ఎంత భయపెట్టిందో రాయడంతో పాటు, ఆ దెయ్యం బతికున్నప్పుడు ఏ భాష మాట్లాడింది, ఏ పని చేసుకుని బతికింది, ఆమెను చంపినదెవరు అన్నది కూడా రెండు వాక్యాలలో రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విల్లివాక్కం, చెన్నై