మంత్రి గారూ, మా పీహెచ్‌సీకి రాత్రిపూట డాక్టర్‌ని ఇవ్వండి

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా మండల పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గురించి సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ పెట్టాం. రసీదులు నా దగ్గరే ఉన్నాయి, డాక్టర్ మాత్రం రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

పోయిన వానాకాలం రాత్రి ఎనిమిదింటికి మా బాబాయిని పొలం గట్టు మీద పాము కరిచింది. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్తే అక్కడ నర్సమ్మ ఒక్కతే ఉంది. విరుగుడు ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి అయ్యా, మా కళ్లతో చూశాం. కానీ రియాక్షన్ వస్తే చూసుకోవడానికి డాక్టర్ ఉండాలి, నేనొక్కదాన్నే ఇవ్వలేనని ఆమె ఏడ్చినంత పని చేసింది. ఆమె తప్పేం లేదు. 108 వచ్చేసరికి బాబాయికి రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. దారిలో మొదట కనపడిన ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం, అది ఆరోగ్యశ్రీలో లేదు. మనిషి దక్కాడు. రెండు గేదెలు అమ్మేశాం, వడ్డీ ఇంకా కడుతున్నాం.

ఇది మేం కొత్తగా అడుగుతున్నది కాదు. తెల్లదొరల ప్రభుత్వం 1943లో వేసిన భోర్ కమిటీయే, డబ్బు కట్టలేక ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని 1946లో రాసింది. 40 వేల మందికి ఒక ఆరోగ్య కేంద్రం, అందులో ఇద్దరు డాక్టర్లు ఉండాలంది. అదీ మొదట్లో సర్దుకోవడానికి చెప్పిన లెక్కే, పోనుపోను 10 నుంచి 20 వేల జనాభాకు 75 పడకల ఆసుపత్రి కట్టాలని కూడా చెప్పింది. అప్పుడు దేశం దగ్గర డబ్బు లేదంటే నమ్ముతాం, ఇప్పుడు ఎలా నమ్మాలి? 2025 కల్లా జీడీపీలో 2.5 శాతం ప్రజారోగ్యానికి ఖర్చు పెడతామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు, ఆ గడువూ దాటిపోయింది.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. ఉంది, దాంతో బతికినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు, కాదనను. కానీ ఆ కార్డు పనికొచ్చేది పెద్దాసుపత్రికి ప్రాణాలతో చేరినవాడికే కదా! ఆ మొదటి గంటలో మాకు దిక్కు పీహెచ్‌సీ ఒక్కటే.

ఇద్దరు డాక్టర్లను వేయండి, ఒకరు రాత్రి అక్కడే ఉండేలా చూడండి. అక్కడ డాక్టర్ ఉండే క్వార్టర్ పైకప్పు కురుస్తోంది, బాగు చేయించకపోతే ఎవరొచ్చినా ఉండలేరు. దండం పెట్టి అడుగుతున్నాను, వానలు పడేలోపు చేయండి. నాట్లు మొదలైతే మళ్లీ చీకట్లోనే నీళ్లు కట్టడానికి పోవాలి మేము.

ఇట్లు,
ఒక రైతు కొడుకు