ఉద్దానంలో రక్తం తీస్తారు సరే, ఆ తర్వాత?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మీ పేపర్లో ఎప్పుడూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ ఓపెన్ చేసినప్పుడూ రాశారు, హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే స్కీము గురించీ రాశారు. అవన్నీ కావాల్సినవే, కాదనట్లేదు. నేను చెప్పేది మధ్యలో ఉండిపోయినోళ్ల గురించి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) కొంచెం పెరిగింది గానీ డయాలసిస్ దాకా పోలేదు, ఒంట్లో బానే ఉంది, పనికి పోతున్నారు, వీళ్లని ఎవరు చూస్తున్నారు?

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఎక్కడికెళ్లి అడిగినా క్యాంపులో రక్తం ఇవ్వని ఇల్లు దొరకడం కష్టం. టీములొస్తాయి, ఫొటోలు దిగుతారు, శాంపిల్స్ పట్టుకుపోతారు. కానీ ఒక్క టెస్టుతో ఈ జబ్బు తేలదు కదండీ, కిడ్నీ పనితనం తగ్గి కనీసం 3 నెలలు అలాగే ఉంటేనే క్రానిక్, అంటే దీర్ఘకాలిక జబ్బు అంటారు, ఎండలో తోటపని చేసి నీళ్లు సరిగ్గా తాగకుండా వచ్చినోడికీ, ఒళ్లునొప్పులకి డైక్లోఫినాక్ బిళ్లలు మింగి వచ్చినోడికీ ఆ పూటకి క్రియాటినిన్ ఎక్కువ చూపించొచ్చు, మళ్లీ పిలిచి చూస్తేనే అసలు సంగతి తెలిసేది. పైగా మా దగ్గర జబ్బు చప్పుడు చెయ్యదు. చాలామందికి మొదట్లో కాళ్లవాపు ఉండదు, బీపీ మామూలుగానే ఉంటుంది, యూరిన్‌లో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది.

మా పిన్ని పలాసలో జీడి ఫ్యాక్టరీలో పని చేస్తుంది, వయసు 45 దాకా ఉంటుంది. ఆవిడ పాలిథిన్ కవర్లో దాచుకున్న కాగితాలన్నీ ముందరేసుకుని ఓరోజు చూశాను. ఒకదాంట్లో క్రియాటినిన్ 1.3, పక్కనే నార్మల్ 0.6 నుంచి 1.4 అని ప్రింటు ఉంది, అది చూసి నార్మలే వెళ్లమ్మా అని పంపేశారు. కానీ ఆ వయసు మగాడికైతే 1.3 అంటే జీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తం వడగడుతున్నాయో చెప్పే లెక్క) 70 దగ్గర్లో వస్తుంది, ఆడమనిషికి 52 దగ్గరే, అంటే 60 కన్నా కింద, కిడ్నీ పనితనం తగ్గినట్టే. మగాళ్లకీ ఆడాళ్లకీ కలిపి ఒకే రేంజ్ ఎలా వేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంకో కాగితం బరంపురంలో చేయించింది, 1.6. ఇంకోటి విశాఖలో, 1.4. పెరిగి తగ్గిందా, లేక ల్యాబ్ మారితే నంబర్ మారిందా? క్రియాటినిన్ కొలవడానికి రెండు పద్ధతులున్నాయంట, జాఫే పద్ధతిలో చేసే ల్యాబ్‌కీ ఎంజైమ్ పద్ధతిలో చేసే ల్యాబ్‌కీ తేడా రావచ్చంట. క్యాంపు స్లిప్ మీదైతే సీరియల్ నంబర్ తప్ప ఏమీ లేదు, రిజల్ట్ ఇంతవరకు ఇంటికి రాలేదు.

డయాలసిస్ మీదున్నోళ్లకి నెలకి 10,000 పింఛన్ ఇస్తున్నారు, ఇవ్వాల్సిందే. కానీ మనిషి గవర్నమెంటు లెక్కలోకి గట్టిగా వచ్చేది అప్పుడేనా?

ఇదేదో కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా కాదు. టీబీ పేషెంట్‌కి నిక్షయ్ ఐడీ ఉంటుంది, మందులు వాడుతూ వేరే రాష్ట్రం పోయినా అక్కడికి ట్రాన్స్‌ఫర్ చేస్తారు. బీపీకి 2017లో మొదలుపెట్టిన కేంద్ర ప్రోగ్రాంలో తెలంగాణ మొదటి అయిదు రాష్ట్రాల్లో ఒకటి, ఆ ప్రోగ్రాంలో కొన్ని రాష్ట్రాల్లో మందులకి రాని పేషెంట్ల లిస్టు నర్సుకి ఫోన్లోనే కనబడుతుంది, కాల్ చేసి రమ్మంటారు. మాకూ అలాంటి లిస్టే కావాలి. ఓపీ చీటీకి ఆభా నంబర్ (మనిషి ఆరోగ్య రికార్డులన్నీ కలిపే కేంద్రం ఐడీ) అడుగుతున్నారు గానీ అందులో పాత క్రియాటినిన్ తెరిచి చూసిన డాక్టర్ నాకైతే ఇంతవరకు తగల్లేదు.

రీసెర్చ్ చేసేవాళ్లకీ ఇది పనికొచ్చేదే. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో, శ్రీలంకలో వరి పండించే ఊళ్లలో ఇలాంటి జబ్బే ఉంది, కారణం ఎండ అన్నారు, నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఇక్కడా అక్కడా ఏదీ గట్టిగా తేలలేదు. అవే మనుషుల్ని ఏళ్ల తరబడి చూడకుండా ఎలా తేలుతుంది? ఏటా కొత్త ఊరు, కొత్త శాంపిల్ అంటే జబ్బు ఎంతమందికి ఉందో తెలుస్తుందేమో గానీ ఎవరికి ఎందుకు ముదిరిందో తెలియదు.

అందుకని సచివాలయం ఏఎన్ఎం దగ్గర మనిషి పేరు మీద, అన్ని రీడింగులు తేదీలతో వరసగా ఉండాలి, టెస్టు ఎక్కడ చేసినా ఒకే పద్ధతిలో ఉండాలి, జీఎఫ్ఆర్ కూడా లెక్కకట్టి ఇవ్వాలి, రక్తం తీసుకున్న ప్రతి స్టడీ వాళ్లూ రిజల్ట్ ఇంటికి పంపాలి. ఇంకోటి, మా ఊళ్లలో మగాళ్లలో చాలామంది చెన్నై, హైదరాబాద్, గల్ఫ్ పనుల్లో ఉంటారు, క్యాంపు పెట్టినప్పుడు ఇంట్లో ముసలోళ్లూ ఆడాళ్లే దొరుకుతారు. వలస పోయినోళ్లు ఎక్కువమంది దిగేది సంక్రాంతికి. స్టాఫ్‌కీ పండగే, తెలుసు, వేరే రోజుల్లో సెలవిచ్చి అయినా కనుమ తర్వాత రెండు మూడు రోజులు సోంపేట, పలాస, ఇచ్ఛాపురం స్టేషన్ల దగ్గర, ఊళ్లలో క్యాంపులు పెట్టమని కలెక్టర్ గారిని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా.

ఇట్లు,
ఒక పాఠకుడు, కంచిలి మండలం, శ్రీకాకుళం జిల్లా