పలక, బలపం, ఇన్‌స్పెక్టరు గారి రాక

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల చివరి శనివారం మన ఎనిమిదో తరగతి గది 1860ల నాటి ఇంగ్లండు పల్లెబడి అవుతుంది. పిల్లలు చేసి చూపించేది ఆ బడిలో ఏటా జరిగే తనిఖీ. దాని వెనక ఉన్న డబ్బు లెక్క ముందే తెలిస్తే, మాస్టారి వేషం వేసిన పిల్లవాడు అంతగా ఎందుకు కంగారుపడుతున్నాడో మీకు అర్థమవుతుంది.

ఇంగ్లండులో 1839లో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లతో ప్రభుత్వ తనిఖీ మొదలైంది. అప్పట్లో వాళ్లు బడి చూసి, సలహా చెప్పి, నివేదిక రాసేవారు. 1862లో, అప్పట్లో ప్రభుత్వంలో విద్య బాధ్యత చూస్తున్న రాబర్ట్ లో (Lowe) అనే నాయకుడు తెచ్చిన రివైజ్డ్ కోడ్, అంటే సవరించిన నియమావళి, ప్రభుత్వం బడికిచ్చే గ్రాంటును పరీక్ష ఫలితాలకు ముడిపెట్టింది. సగటు హాజరులో తలకు 4 షిల్లింగులు వచ్చేవి. ఆరేళ్లు దాటి, ఏడాదిలో 200 పూటలు బడికొచ్చిన పిల్లల మీద మరో 8 షిల్లింగులు. అయితే ఇవి పరీక్షను బట్టే వచ్చేవి. చదవడం, రాయడం, లెక్కలు, ఈ మూడింటిలో ఏది తప్పినా 2 షిల్లింగుల 8 పెన్నీలు కోసేవారు. షిల్లింగుకు 12 పెన్నీలు, పౌండుకు 20 షిల్లింగులు కాబట్టి మూడూ తప్పితే సరిగ్గా 8 షిల్లింగులు పోతాయి. 40 మంది పరీక్షకు కూర్చుంటే బడికి 16 పౌండ్ల దాకా రావచ్చు. అందులో 30 మంది లెక్కల్లో తప్పారంటే 4 పౌండ్లు పోయినట్టే. చాలాచోట్ల మాస్టారి జీతం ఈ గ్రాంటు మీదే ఆధారపడేది.

పరీక్షకు ఆరు స్టాండర్డులు, అంటే మెట్లు. ఒకటో స్టాండర్డులో ఏకాక్షర పదాలున్న చిన్న కథ చదవాలి, ఇన్‌స్పెక్టరు చెప్పిన అక్షరాలు పలక మీద రాయాలి, 20 దాకా అంకెలు గుర్తుపట్టాలి. రెండులో ఎక్కం కూడా అడుగుతారు. మూడులో డిక్టేషన్, చిన్న భాగహారం. నాలుగులో పౌండ్లు, షిల్లింగులు, పెన్నీల కూడికలు, తీసివేతలు. ఐదులో తూనికలు, కొలతలు, చదవడానికి కొన్ని పద్య పాదాలు. ఆరుకు వచ్చేసరికి వార్తాపత్రికలోని పేరా చదివి, అలాంటిదే మరొకటి చెబుతుంటే రాయాలి. ఆడపిల్లలకు కుట్టుపని అదనం. ఒకసారి పరీక్షకు కూర్చున్న స్టాండర్డులో మళ్లీ కూర్చోబెట్టడానికి వీల్లేదు. దాంతో కింద తప్పినవాడు పైమెట్టులో మరింత తడబడేవాడు.

పల్లెబడిని ఎక్కువగా దెబ్బతీసింది ప్రశ్నలకన్నా ఆ 200 పూటల నియమమేనని మా ఉద్దేశం. రోజుకు రెండు పూటలు, అంటే నిండుగా 100 రోజులు. ఇది చూడ్డానికి తక్కువే. కానీ పొలంలో విత్తనాలు చల్లినప్పుడు పిట్టల్ని తోలడానికి, రాళ్లు ఏరడానికి, బంగాళాదుంపలు తీయడానికి, కోత తర్వాత పరిగె ఏరుకోవడానికి పిల్లలు కావాలి. కోతల సెలవులు కూడా పంట పండేదాన్ని బట్టే. వానలకు బురదైన దారి, కాళ్లకు బూట్లు లేకపోవడం, మధ్యలో తట్టు, కోరింత దగ్గు, వీటన్నిటికీ పూటలు పోయేవి. 199 పూటలు వచ్చినవాడికి ఎంత బాగా చదవడం వచ్చినా పరీక్ష మీద వచ్చే 8 షిల్లింగులు దక్కవు. అయిదు నుంచి పదేళ్ల పిల్లలకు హాజరు తప్పనిసరి చేసిన చట్టం 1880లో గాని రాలేదు.

డబ్బు ఎటుంటే పాఠం అటు వెళ్లింది. చురుకైనవాడు ఎంత బాగా చేసినా అవే 8 షిల్లింగులు కాబట్టి, మాస్టారి సమయమంతా తప్పే ప్రమాదమున్నవాళ్లకే. చరిత్ర, భూగోళం వెనకబడ్డాయి. ఏడాది పొడుగునా ఒకే వాచకాన్ని వల్లెవేసిన పిల్లలు పుస్తకం తిరగేసి పట్టుకున్నా గడగడా చదివేసేవారట. కవిగా పేరున్న మాథ్యూ ఆర్నాల్డ్ తానూ ఇన్‌స్పెక్టరే. ఈ యాంత్రికతను ఆయన తన నివేదికల్లోనే తప్పుపట్టాడు. 1890 నుంచి ఈ పద్ధతి సడలుతూ పోయింది. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే ఏర్పాటు 19వ శతాబ్దంలో నడిచింది. కోస్తా, రాయలసీమ బళ్లు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీ కిందివే. మన ముత్తాతల ఇళ్లలో ‘ఇన్‌స్పెక్టరు వచ్చాడు’ అన్న మాటకు ఎందుకంత బరువుందో ఊహించుకోవచ్చు.

ఇక ఏర్పాట్లు. ఇంట్లో రాతిపలక ఉంటే బలపంతో పాటు శుక్రవారం లోపు పంపండి, ప్లాస్టిక్ పలకలు వద్దు. తుడవడానికి తడిగుడ్డ కూడా. ఎక్కం పిల్లలు కంఠస్థం చేయనక్కర్లేదు, తడబడితేనే సన్నివేశం నిజంగా ఉంటుంది. డిక్టేషన్ చెప్పడానికి ముగ్గురు తల్లిదండ్రులు కావాలి. మూడో స్టాండర్డుకు వాక్యాన్ని ఒకసారి నెమ్మదిగా చదివి, తర్వాత ఒక్కొక్క మాటే చెప్పాలి. నాలుగుకు కొన్ని మాటల చొప్పున చెప్పవచ్చు.

గుమ్మం దగ్గర బల్ల మీద లాగ్‌బుక్కు ఉంటుంది. నాటి ప్రధానోపాధ్యాయుడు అందులో రోజూ హాజరు, అనారోగ్యం, సెలవుల వంటివి రాయాలి. సాధారణ అభిప్రాయాలు రాయకూడదని కోడ్‌లోనే నిషేధం ఉంది. అందుకని మీరు వచ్చిన వేళ, పేరు మాత్రం అందులో రాయండి. అభిప్రాయాలకు పక్కనే వేరే నోటుపుస్తకం పెట్టాం.

ప్రధానోపాధ్యాయులు