పక్క క్యాబిన్ అక్కకి కృతజ్ఞతలు

నిద్ర ఇంకా తీరలేదు. అయినా ఈ నాలుగు ముక్కలు రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

మాది బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో, ఇళ్లకి మందులు పంపే చిన్న కంపెనీ. ఆర్డర్ పడగానే గూగుల్ క్లౌడ్ పబ్‌సబ్ (ప్రోగ్రాముల మధ్య మెసేజ్‌లు చేరవేసే సేవ) ఒక మెసేజ్‌ని మా సర్వీసుకి పుష్ చేస్తుంది, అంటే తనే తెచ్చి ఇస్తుంది, మా సర్వీసు కొరియర్ బుక్ చేస్తుంది. ఈ వారం కొరియర్ వాళ్ల ఏపీఐ (మా సర్వీసు బుకింగ్ అడిగే దారి) ఒక్కో జవాబుకి అర నిమిషం దాకా నానబెట్టింది. మా సబ్‌స్క్రిప్షన్‌లో (పబ్‌సబ్ నుంచి మెసేజ్‌లు అందుకునే ఏర్పాటు) గడువు మాత్రం డిఫాల్ట్‌గా వచ్చే 10 సెకన్లే. ఆలోగా మేము అందిందని చెప్పకపోతే అదే మెసేజ్ మళ్లీ వస్తుంది, ఇంకో బుకింగ్ పడుతుంది, ఆ బరువుకి కొరియర్ ఏపీఐ ఇంకా చతికిలబడుతుంది. ఒక్క షుగర్ మందుల పొట్లం కోసం ముగ్గురు రైడర్లు వచ్చి గోడౌన్ గుమ్మంలో గొడవపడ్డారు.

కొరియర్ హెల్ప్‌లైన్‌తో నేను అరుస్తుంటే పక్క క్యాబిన్‌లోంచి ఒకావిడ వచ్చారు. వేరే కంపెనీ, అంతకుముందు మాట కూడా కలవలేదు. ఆ రాత్రి వాళ్లకీ రిలీజ్ ఉంది. "మాది బాగేపల్లి, ఇంట్లో తెలుగే" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. స్క్రీన్ వంక చూడనేలేదు, చిత్రాన్నం డబ్బా తెరిచి ముందుకి తోశారు. "ముందు తిను తమ్ముడూ. లాగ్స్ ఎక్కడికీ పారిపోవు." అంతే, నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ అటు తిరిగి ఫోన్ చూసుకుంటున్నట్టు కూర్చున్నారు.

తర్వాత గడువు 60 సెకన్లకి పెంచాం (600 దాకా పెట్టుకోవచ్చు). రీట్రైల (మళ్లీ పంపే ప్రయత్నాల) మధ్య ఎడం 10 సెకన్ల నుంచి పెరుగుతూ పోయేలా చేశాం. "ఎగ్జాక్ట్లీ వన్స్ (ఒక్కసారే అందేలా చూసే సెట్టింగ్) ఆన్ చేసేస్తే పోలా అక్కా?" అన్నాను. "అది పుల్‌కే, అంటే మనమే వెళ్లి తెచ్చుకునే పద్ధతికే, పుష్‌కి లేదు. రెండుసార్లు వస్తుందనే అనుకుని కోడ్ రాయి" అన్నారు. వచ్చిందే మళ్లీ వచ్చిందా అని పోల్చుకోవడానికి మెసేజ్ ఐడీని నమ్ముకోవద్దన్నారు. పంపేవాళ్లే రెండోసారి పబ్లిష్ చేస్తే ఐడీ మారిపోతుంది, ఆర్డర్ నంబర్ మారదు. ఐదుసార్లకీ దిగని మెసేజ్‌లు డెడ్ లెటర్ టాపిక్‌కి (అందని మెసేజ్‌లని పక్కన పెట్టే చోటికి) వెళ్లేలా పెట్టించి, "దానికీ ఓ సబ్‌స్క్రిప్షన్ తగిలించు, లేకపోతే అక్కడికెళ్లినవన్నీ గాలికే" అని గుర్తుచేశారు. అక్కా, మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. రాత్రి ఆన్‌కాల్‌కి (ఏదైనా చెడితే చూసే డ్యూటీకి) రెండో మనిషిని ఇవ్వమంటే మా వాళ్లు బడ్జెట్ లేదంటారు. ఆఫర్ల హోర్డింగులకి మాత్రం ఎక్కడినుంచో వస్తుంది. మెసేజ్‌లు పేరుకుపోతే మోగే అలర్ట్ పెట్టమని మెయిల్ రాసి ఎన్నాళ్లయిందో! పక్క కంపెనీ మనిషి దయతలిస్తే తప్ప మా ఆర్డర్లు కదలవన్నమాట.

పాపని చూసుకున్న మా ఆవిడకి, ఊళ్లో అమ్మానాన్నలకి థాంక్స్. అయ్యో, తెల్లారుజామున లిఫ్ట్ ఆన్ చేసిపెట్టిన సెక్యూరిటీ తాతకి కూడా. డూప్లికేట్ బుకింగ్‌లు చేత్తో క్యాన్సిల్ చేసిన సపోర్ట్ టీమ్ పిల్లలకి కూడా. అసలు "సార్, ఈ పొట్లం ఇందాకే ఇంకొకతను తీసుకెళ్లాడంట" అని మొట్టమొదట ఫోన్ చేసిన రైడర్ తమ్ముడిని మర్చేపోయాను. అతని వెయిటింగ్ చార్జీ ఇంకా అకౌంట్స్‌లోనే ఆగి ఉంది, సోమవారం వెంటపడతాను.