మూడు సీజన్ల జమా ఖర్చులు: మా హైస్కూల్ రోయింగ్ జట్టు కమిటీ వివరణ

పిల్లల తల్లిదండ్రులకు, దాతలకు, పూర్వ విద్యార్థులకు నమస్కారం.

జట్టు పెట్టి మూడు సీజన్లు పూర్తయ్యాయి. ఇన్నాళ్లూ ఏటా ఒక కాగితం మీద మొత్తాలు రాసి బోర్డుకు అంటించి ఊరుకున్నాం. అది చదివినవాళ్లలో చాలామంది ఒకటే మాట అడిగారు: "పడవ కొంటామని చందాలు తీసుకున్నారు. తీరా చూస్తే డబ్బులో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే పడవలకు పోయింది. మిగతాది ఏం చేశారు?" అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఒక్క కాగితంలో పట్టదు కాబట్టి ఈసారి కూర్చుని వివరంగా రాస్తున్నాం.

అసలు అంకెలు వోచర్ నంబర్లతో సహా పద్దు పుస్తకంలో ఉన్నాయి. ఇక్కడ మాత్రం సులువుగా అర్థమవడానికి మూడేళ్లలో వచ్చిన మొత్తాన్ని 100 పాళ్లు అనుకుని చెబుతున్నాం.

ముందు జమ. పిల్లలు కట్టిన సీజన్ ఫీజు 38 పాళ్లు. పూర్వ విద్యార్థులు, శ్రేయోభిలాషులు ఇచ్చిన విరాళాలు 26. స్కూలు ఇచ్చింది 7. పడవ అమ్మగా వచ్చింది 12 (ఆ పడవ కథ కింద ఉంది, మాకు చెప్పుకోవడానికి అంత బాగుండదు గానీ చెప్పాలి). మిగిలిన 17 పాళ్లు పిల్లలే ఎర్గ్ రిలేతో సంపాదించారు. ఏటా ఒక రోజు, 24 గంటల పాటు, రోయింగ్ మెషీన్లు ఆగకుండా వంతులవారీగా లాగుతారు. కిలోమీటరుకు ఇంత అని బంధువులు, ఇరుగుపొరుగు ముందే మాటిస్తారు. మాటిచ్చినవాళ్లలో అందరూ ఇవ్వలేదు. ఇస్తామన్నదాన్ని మేం జమలో వేసుకోలేదు, చేతికొచ్చిందే రాశాం. తెల్లవారుజామున మూడు గంటలకు మెషీన్ మీద కూర్చున్న పిల్లాడి ముఖం చూసి ఉంటే బాకీలు ఈపాటికి వసూలై ఉండేవి.

ఇక ఖర్చు.

అన్నిటికంటే చిన్న పద్దు ఈత నేర్పించడం, 2 పాళ్లు. జట్టు మొదలుపెట్టాక మేం పెట్టిన మొదటి ఖర్చు కూడా అదే. మొదటి సీజన్‌లో చేరింది 9 మంది, అందులో ముగ్గురికి సరిగ్గా ఈత రాదు. రోయింగ్ పడవ సన్నగా, తేలిగ్గా ఉంటుంది. తెడ్లే దాన్ని నిలబెట్టాలి. చేతిలోంచి ఒక తెడ్డు జారితే చాలు, ఒక్కరే లాగే సింగిల్, ఇద్దరు లాగే డబుల్ లాంటి చిన్న పడవలు క్షణంలో బోల్తా కొడతాయి. బట్టలతో నీళ్లలో పడి, పడవను పట్టుకుని తేలుతూ ఉండటం వచ్చాకే పిల్లలను పడవ ఎక్కించాం. నెల రోజులు పడవ ముట్టుకోనివ్వలేదని అప్పట్లో కొందరికి కోపం వచ్చింది. అయినా ఆ ఖర్చు విషయంలో మాకు రెండో ఆలోచన లేదు.

లాంచీకి, దాని ఇంజనుకు, మూడేళ్ల ఇంధనానికి, లైఫ్ జాకెట్లకు కలిపి 13 పాళ్లు. "చేత్తో లాగే ఆటకు మోటారు ఎందుకండీ" అని మీటింగులో ఒకరు అన్నప్పుడు అందరూ నవ్వారు. కోచ్ కూర్చునేది అందులోనే. పిల్లలు వెనక్కి తిరిగి కూర్చుని లాగుతారు కాబట్టి ఎదురుగా ఏముందో వాళ్లకు కనపడదు. ఎవరైనా నీళ్లలో పడితే తీసుకురావాల్సింది కూడా లాంచీయే. అది నీళ్లలో లేకపోతే పడవ కదలకూడదన్నది మేం పెట్టుకున్న మొదటి రూలు. ఇంజను మొరాయించిన రోజు ప్రాక్టీసు ఉండదు, పిల్లలు ఎంత బతిమాలినా సరే. ఈ పద్దులోనే మా తప్పు ఒకటి ఉంది. ఇంధనం రశీదులు రెండు చెల్లవు. పోలేదు, ఉన్నాయి, కానీ వాటి మీద అక్షరం లేదు. అవి వేడికి అచ్చయ్యే కాగితాలు, ఏడాది తిరిగేసరికి తెల్లగా అయిపోయాయి. అప్పటి నుంచి ప్రతి రశీదుకూ వెంటనే జిరాక్స్ తీసి జత చేస్తున్నాం. ఆ రెండింటి మొత్తాన్ని కోశాధికారి తన జేబులోంచి కట్టారు, అది ఖర్చులో చూపలేదు.

ఎర్గులకు, అంటే రోయింగ్ మెషీన్లకు, 11 పాళ్లు. మూడూ సెకండ్ హ్యాండే. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న గాలి చక్రం మెషీన్ 1981లో ఒక సైకిలు చక్రాన్ని అరువు తెచ్చుకుని మొదలైంది. నిర్మాణం అంత సాదాగా ఉంటుంది కాబట్టే పాతదైనా గొలుసుకు నూనె పెడుతూ వాడుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. మొదటి ఏడాది డబ్బు ఇటు పెట్టడం మీద కమిటీలోనే గట్టి వాదన జరిగింది. పడవ కావాలన్నవాళ్లది ఒక పట్టు. కోచ్ చెప్పింది ఇంకోటి: "పడవలో ఎవరు లాగుతున్నారో, ఎవరు ఊరికే ఊగుతున్నారో మీకు తెలియదు. ఎర్గ్ ముందు ఎవరూ దాక్కోలేరు." చివరికి ఆయన మాటే నెగ్గింది. ఫలితం ఒక్కటి చెబుతాం. మొదటి సీజన్‌లో 2000 మీటర్ల టెస్టులో 8 నిమిషాల 40 సెకన్లు పట్టి, దిగగానే నేల మీద పడుకుని ఏడ్చిన అమ్మాయి, మొన్న అదే టెస్టును 7 నిమిషాల 52 సెకన్లలో ముగించింది. ఈసారీ నేల మీద పడుకుంది, కానీ మానిటర్ మీద అంకె ఇంకోసారి చదవమని పక్కవాళ్లను అడుగుతూ.

ఇప్పుడు పడవలు. మొత్తం 36 పాళ్లు. ఇందులో 15 పాళ్లు మా పొరపాటు ఖాతా.

మొదటి సీజన్ అంతా స్కూలు ఇచ్చిన పాత ఫోర్ ఒకదానితోనే గడిపాం. నలుగురు లాగితే ఐదుగురు ఒడ్డున నిలబడేవారు. రెండో సీజన్ మొదట్లో సెకండ్ హ్యాండ్ ఎయిట్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. ఎనిమిది మంది ఒకేసారి ఎక్కొచ్చు, ధర కూడా మాకు అందుబాటులోనే ఉంది. కమిటీ తరఫున ముగ్గురం వెళ్లాం. అడుగుభాగం అరచేత్తో నొక్కి చూశాం, ఎక్కడా మెత్తబడలేదు. రిగ్గర్ల (తెడ్లను పట్టి ఉంచే, పడవ పక్కకు పొడుచుకొచ్చే చట్రాల) బోల్టులు విప్పి చూశాం, సీట్లు స్లైడు మీద అటూ ఇటూ దొర్లించాం. ముక్కు మీద ఉండాల్సిన తెల్ల రబ్బరు బంతి కూడా ఉంది. రెండు పడవలు గుద్దుకుంటే మనిషికి గుచ్చుకోకుండా పెట్టేది అది. అన్నీ చూశామనుకుని డబ్బు కట్టేశాం.

చూడనిది ఒక్కటే. పడవ లోపల తయారీదారు అతికించిన చిన్న ప్లేటు ఉంటుంది. తయారైన సంవత్సరం, పడవ బరువుతో పాటు ఎంత బరువున్న మనుషుల కోసం దాన్ని చేశారో కూడా దాని మీదే ఉంటుంది. మా పడవ ప్లేటు మీద మనిషికి 90 కిలోలని ఉంది. మా పిల్లల సగటు 61. నీళ్లలోకి దించితే పడవ మునగాల్సినంత మునగకుండా, పైకి తేలి, ఖాళీ డబ్బాలా కూర్చుంది. కాస్త పక్కగాలి వీస్తే చాలు, ముక్కు ఎటో తిరిగిపోయేది. నీళ్లకు చేతులు మరీ ఎత్తులో ఉండేసరికి తెడ్డు దించే ప్రతిసారీ పడవ పక్కకు ఒరిగేది. రెండు నెలలు పిల్లలను "బ్యాలెన్స్, బ్యాలెన్స్" అని తిట్టాం. తప్పు వాళ్లది కాదు. బయటి జట్టు కోచ్ ఒకాయన ఒడ్డున నిలబడి చూసి, "ఇది పెద్ద మగవాళ్ల పడవ కదా" అన్నాక గానీ మాకు వెలగలేదు. అమ్మినవాళ్లకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు.

పెద్దల క్లబ్బు ఒకటి దాన్ని 12 పాళ్లకు కొనుక్కుంది. అంటే 3 పాళ్లు నష్టం. మిగతా 21 పాళ్లలో 13 పెట్టి పిల్లల బరువుకు సరిపడే, కాక్స్ (తెడ్డు లాగకుండా పడవకు దారి చూపే మనిషి) ఉన్న ఫోర్, 8 పెట్టి డబుల్ తీసుకున్నాం. రెండూ సెకండ్ హ్యాండే. ప్రపంచ రోయింగ్ సమాఖ్య నిబంధనల్లో కాక్స్ ఉన్న ఫోర్ కనీస బరువు 51 కిలోలు, డబుల్‌కు 27. మావి అంతకంటే బరువే, పాత అతుకులు ఉన్నాయి. ఈసారి మాత్రం అన్నిటికంటే ముందు ప్లేటు చదివాం.

తెడ్లకు 9 పాళ్లు. పాత తులిప్ ఆకారం తెడ్లు ఊరికే ఇస్తామని ఒకరు ముందుకొచ్చారు, మర్యాదగా వద్దన్నాం. గొడ్డలి ఆకారంలో, ఒక వైపు వెడల్పుగా ఉండే తెడ్డు 1991లో వచ్చింది. మరుసటి ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్ నాటికే చాలా జట్లు దానికి మారిపోయాయి. పిల్లలకు ఒకటి నేర్పి, పోటీలో ఇంకోటి చేతికివ్వలేం.

పోటీల ఎంట్రీ ఫీజులు, ట్రైలర్ అద్దె, ప్రయాణాలు 14 పాళ్లు. కోచ్ గౌరవ వేతనం 7. ఆయన పొద్దున్నే ఐదు గంటలకు వస్తారు. ఆయనకిచ్చేది గౌరవమే తప్ప వేతనం అనలేం. రిపేర్లు, బీమా 5.

మొత్తం 97. చేతిలో నిల్వ 3 పాళ్లు. ఆ ఎయిట్ మీద పోగొట్టుకోకపోయి ఉంటే 6 ఉండేది.

ఒక విరాళం గురించి ఇక్కడే చెప్పాలి. ఒక పెద్దమనిషి మంచి మొత్తమే ఇస్తూ, అది మగపిల్లల పడవకే వాడాలని షరతు పెట్టారు. మేం ఒప్పుకోలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల రోయింగ్ 1976 మాంట్రియల్‌లో మొదలైనప్పుడు వాళ్లకు దూరం 1000 మీటర్లే, మగవాళ్లతో సమానంగా 2000 ఇచ్చింది 1988 సియోల్‌లో. ఇన్నేళ్ల తర్వాత మా బోటుహౌస్‌లో మళ్లీ సగం లెక్కలు పెట్టడం మాకు నచ్చలేదు. ఆయనే నాలుగు రోజులాగి, షరతు తీసేసి డబ్బు పంపారు. వారికి కృతజ్ఞతలు.

చివరికి ఏం సాధించారని అడుగుతారు. 9 మందితో మొదలైన జట్టులో ఇప్పుడు 31 మంది ఉన్నారు, అందులో 17 మంది అమ్మాయిలు. మొదటి ఏడాది స్కూళ్ల పోటీల్లో అమ్మాయిల ఫోర్ హీట్స్‌లోనే, అంటే తొలి దశ పోటీల్లోనే, చివరగా వచ్చింది. సగం దూరంలో మూడో సీటు అమ్మాయి తెడ్డు నీళ్లలో ఇరుక్కుని, పిడి కడుపులో తగిలింది. రోయింగ్ వాళ్లు దాన్ని "క్రాబ్" అంటారు, పీత పట్టుకుని లాగినట్టే ఉంటుందట. పడవ దాదాపు ఆగిపోయింది. రెండో ఏడాది మళ్లీ అదే పాత ఫోర్‌లో బి ఫైనల్ (అసలు ఫైనల్‌కు చేరనివాళ్ల మధ్య జరిగే పోటీ) దాకా వెళ్లారు. ఈ ఏడాది కొత్తగా కొన్న ఫోర్‌లో ఫైనల్‌కు వచ్చి, ఆఖరి 250 మీటర్లలో ఒక పడవను దాటి మూడో స్థానంలో వచ్చారు. కంచు పతకం. అబ్బాయిల డబుల్ ఫైనల్‌లో ఐదో స్థానం. వాళ్లకు అది చాలదట, మంచిదే.

ఆ ఫోర్‌కు కాక్స్‌గా కూర్చున్న చిన్నమ్మాయి 48 కిలోలు. పోటీ నిబంధన ప్రకారం కాక్స్‌కు కనీసం 55 ఉండాలి, కాబట్టి 7 కిలోల ఇసుక సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది. పతకం తీసుకోవడానికి వెళ్లేటప్పుడు ఆ సంచిని కూడా మోసుకెళ్లింది. అది కూడా పడవలో వచ్చింది కదా అంది. మా పద్దు పుస్తకంలో 'ఇసుక' అని ఒక వరుస ఉంది. ఖర్చు గడిలో సున్నా.

నిల్వ ఉన్న 3 పాళ్లతో వచ్చే సీజన్‌కు ముందు స్లైడు చక్రాలు, అరిగిపోయిన రెండు సీట్లు మార్చాలనుకుంటున్నాం. అంతకుమించి కొనేది ఏదైనా మీటింగులో అడిగి కొంటాం. పడవైతే కమిటీతో పాటు కోచ్ కూడా వచ్చి చూడాలని తీర్మానం రాసుకున్నాం.

పద్దు పుస్తకం, వోచర్లు, జిరాక్సులు బోటుహౌస్‌లో తలుపు పక్క అలమరాలో ఉన్నాయి. ప్రాక్టీసు ఉన్న ఏ రోజైనా వచ్చి చూడొచ్చు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. తడి చేతులతో మాత్రం ముట్టుకోవద్దు.