రేపు పొద్దున్నకు అగ్నిపర్వతం కావాలట

సంపాదకులకు,

అయ్యా, పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక స్కూలు సైన్స్ ప్రదర్శన ఫొటో వేశారు. ముందు వరసలో ఎర్రగా మెరుస్తున్న అగ్నిపర్వతం, దాని వెనక నవ్వుతూ ఒక పిల్లవాడు, పక్కన సార్లు. ఆ అగ్నిపర్వతం చేసింది నేను. మొదటి బహుమతి వచ్చిందని కింద రాశారు, సంతోషమే, కానీ ఆ అబ్బాయి దాన్ని మొదటిసారి చూసింది ఆ పొద్దున స్కూలుకు పోతూ ఆటోలో ఎక్కించుకునేటప్పుడు.

నాకు అనంతపురంలో చిన్న ఫ్లెక్సీ షాపు ఉంది. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, ఎలక్షన్లు, ఎవరికి ఏం కావాలంటే అది కొడతాం. స్కూళ్లలో ప్రదర్శనలు మొదలైతే మాత్రం ఇంకో వ్యాపారం కూడా నడుస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ సగం దించాక ఒక నాయన స్కూటర్ మీద వస్తాడు. "అన్నా, రేపు పొద్దున్నకు అగ్నిపర్వతం కావాల, పాప నిద్రపోయింది, నువ్వే ఏదో ఒకటి చెయ్యి." చేస్తాను, డబ్బులు తీసుకుంటాను, అందులో నేను పతివ్రతను అని చెప్పుకోను. సార్లకు ఒక్క రహస్యం చెప్తాను, నా సరుకు గుర్తుపట్టడం చాలా సులభం. అంచులు మరీ నున్నగా ఉంటాయి, బోర్లించి చూస్తే అడుగున పాత బ్యానర్ ముక్క ఉంటుంది, ఒకసారి హృదయం నమూనా కింద ఎవరో కార్పొరేటర్ అభ్యర్థి సగం మొహం ఉండిపోయింది, ఎవరూ చూడలేదు.

ఇదంతా ఎందుకంటే, షాపులో ఆ పని చేస్తే నన్ను ఆర్టిస్టు అంటారు. అదే చేతులతో, అదే కట్టర్ బ్లేడుతో ఇంట్లో అంగుళం ఎత్తు సైనికులను చేసి, బల్ల మీద కోట కట్టి, మా పాపతో, మా బావతో ఆదివారం మధ్యాహ్నం యుద్ధం ఆట ఆడుకుంటుంటే మాత్రం "ఏమప్పా, నలభై ఆరేండ్లు వచ్చినా ఇంకా బొమ్మలాటేనా?" అంటారు. అనేవాళ్లలో మా అత్త ముందుంటుంది. ఆమె దసరాకు బొమ్మల కొలువు పెట్టి, మెట్ల కింద ఊరు కట్టి, రాగులు మొలకెత్తించి పైరు పెంచుతుంది. అది భక్తి, నాది పిచ్చి. పోయిన దసరాకు నా దగ్గరి బొమ్మ చెట్లు పన్నెండు అడిగి తీసుకుపోయింది, ఇంకా తిరిగి ఇవ్వలేదు.

ఈ ఆట తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. చదరంగంలో గళ్లుంటాయి, ఇందులో ఉండవు. బల్ల మీద గుట్ట, వాగు, గోడ, చెట్లు పెట్టుకుని ఎవరి సైన్యం వాళ్లు నిలబెట్టుకుంటారు. వంతు వచ్చినప్పుడు టేపుతో కొలిచి జరపాలి. మా ఇంటి లెక్కలో కాలిబంటుకు 6 అంగుళాలు, గుర్రానికి 12, ఫిరంగిని జరిపితే ఆ వంతులో పేల్చకూడదు. తుపాకీ పేలిస్తే తగిలిందా లేదా అన్నది లూడో పాచిక చెబుతుంది, 4 గానీ ఆపైన గానీ పడితే తగిలినట్టు, అవతలివాడు గోడ చాటున ఉంటే కనీసం 5 పడాలి. 8వ తరగతి చదివే మా పాప ఒకరోజు కాగితం తీసుకుని లెక్కేసి, ఆరుమంది కాలిస్తే బయట ఉన్నవాళ్లకు మూడు తగులుతాయి, గోడ వెనకవాళ్లకు రెండే, ఆ ఒక్కటి కోసమే గోడ కట్టుకునేది అని తేల్చింది. ఆ తర్వాత మా బావ ఆరు పాచికలు విసిరితే గోడ వెనక ఐదుగురు చచ్చారు. లెక్క లెక్కే, పాచిక పాచికే.

రెండు వైపులా బలం సమానంగా ఉండాలని కూడా లేదు. మా అవ్వ అరుగు మీద సుద్దముక్కతో గీసి ఆడించిన పులిమేకలో 3 పులులు, 15 మేకలు, ఎవరికి వాళ్ల ఉపాయం వేరు. అది తెలిసిన మనకు ఈ ఆట అర్థం కాకపోవడమేమిటి?

మాకు బాగా నచ్చింది గుత్తి కోట ముట్టడి. 1776 ప్రాంతంలో మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే చేతిలో ఉన్న కోటను మైసూరు ఏలిన హైదరాలీ చుట్టుముట్టాడు, లోపల నీళ్లు అయిపోయి మురారిరావు లొంగిపోవాల్సి వచ్చింది. కొండ అంచున ఒక చిన్న మంటపం ఉంది, మురారిరావు గద్దె అంటారు, ఆయన అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెబుతారు. అంత పెద్ద సేనాని కొండకొమ్మున కూర్చుని పావులు జరిపితే తప్పులేదు గానీ నేను జరిపితే తప్పా?

మా ఆటలో నీళ్లంటే చింతపిక్కలు. కోటలో ఉన్నవాళ్లకు మొదట 40 పిక్కలు ఇస్తాం, ప్రతి వంతుకు ఒక్కో దండు ఒక పిక్క తాగుతుంది, గుర్రాల దండైతే రెండు. హైదరాలీ వైపు ఆడేవాడు గోడ ఎక్కనక్కరలేదు, ఊరికే కూర్చున్నా గెలుస్తాడు, అట్లయితే ఆట చప్పగా ఉంటుందని అతనికి 12 వంతుల గడువు పెట్టాం. అయినా మా బావకు ఓపిక ఉండదు, మూడో వంతుకే గుర్రాలను గేటు మీదికి తోలి చావగొట్టుకుంటాడు. మా పాప మురారిరావుగా ఆడినప్పుడు మొదటి వంతులోనే తన గుర్రాలన్నిటినీ వెనక దారిన బయటికి పంపేసింది. ఎందుకే అంటే, తాగే నోళ్లు తగ్గుతాయి కదా నాయనా అంది. అనంతపురం జిల్లాలో పుట్టిన పిల్లకు నీళ్ల లెక్క వేరేగా నేర్పాలా! ఆ రోజు 12వ వంతు అయ్యేసరికి ఆమె దగ్గర ఇంకా మూడు పిక్కలు మిగిలాయి.

కోట కట్టడం ఇంకో ముచ్చట. 1:72 కొలత అంటే అంగుళానికి 6 అడుగులు, మనిషి అంగుళానికి కాస్త తక్కువే ఉంటాడు. గుత్తి కొండ చుట్టూ ఉన్న నేల నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తు, అదే కొలతలో కట్టబోతే 4 మీటర్లు దాటిపోతుంది, మా మిద్దె పైకప్పు 10 అడుగులు. అందుకని మనుషులకు ఒక కొలత, నేలకు ఇంకో కొలత పెట్టుకుంటాం. ఈ ఆట ఆడేవాళ్లంతా కలిసి ఒప్పుకున్న అబద్ధం అది.

మొదటి కొండను థర్మోకోల్‌తో మూడు రాత్రులు చెక్కాను. తొందరపడి డబ్బా స్ప్రే పెయింట్ కొట్టాను. ఆ పెయింటులో ఉండే ద్రావకం థర్మోకోల్‌ను కరిగిస్తుందని నాకు, ఇన్నేండ్లు రంగుల మధ్య బతికినవాడికి, గుర్తు రాలేదు. బురుజు కళ్లముందే పుచ్చిపోయిన పన్నులాగా లోపలికి కుంగిపోయింది. ఇప్పుడు ముందు ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పూస్తాను, దాని మీద జల్లించిన ఇసుక, వాడేసి ఎండబెట్టిన టీపొడి చల్లుతాను, అది ఆరాక నీళ్లలో కలిసే అక్రిలిక్ రంగే వేస్తాను. మొదట ముదురు బూడిదరంగు. తర్వాత నీళ్లలాగా పల్చన చేసిన కాఫీరంగు, అది సందుల్లోకి దిగి నిలుస్తుంది. చివర లేత రంగులో బ్రష్ ముంచి, గుడ్డకు తుడిచేసి, తుడిచిన తర్వాత బ్రష్‌లో ఏమీ లేదు అనిపించినప్పుడు గోడ మీద అట్లా అట్లా తిప్పాలి. ఎత్తుగా ఉన్నచోట మాత్రమే రంగు అంటుతుంది, అప్పుడు చూడండి, ఒక నిమిషం కింద వరకు ప్యాకింగ్ ముక్కగా ఉన్నది రాయి అయిపోతుంది. ఇరవై కోటలకు వేసినా ఆ నిమిషం నాకు పాతబడలేదు. మేలో మాత్రం ఈ పని కష్టం, మన ఎండలకు రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది, టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి పెట్టి దాని మీద బటర్ పేపర్ పరిచి, దాని మీద రంగు కలుపుకుంటే గంటన్నర నిలుస్తుంది.

ఖర్చు గురించి అడుగుతారు. బయటిదేశాల ప్లాస్టిక్ సైనికుల పెట్టెలు వేలల్లో ఉంటాయి, ఒకే ఒక్కటి కొన్నాను, అది కూడా ఇంట్లో ఆమెకు ధర సగమే చెప్పి. ఇంగ్లండులో హెచ్.జి.వెల్స్ అనే రచయిత 1913లోనే బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకోవడానికి నిబంధనలు రాసి పుస్తకం వేశాడు, స్ప్రింగు ఫిరంగితో కొట్టి బొమ్మలను పడగొట్టడం ఆయన పద్ధతి. అంతకుముందు 1824లో జర్మన్ల రాజ్యమైన ప్రష్యా సైన్యంలో ఆఫీసర్లకు శిక్షణగా మ్యాపుల మీద ఇదే ఆడించారు. 1983లో ఇంగ్లండులోనే వార్‌హామర్ అనే ఆట వచ్చాక ఇది పెద్ద వ్యాపారమైపోయింది, వాళ్ల బొమ్మలు బ్రహ్మాండంగా ఉంటాయి, కాదనను, కానీ ఆ ధర పెట్టకుంటే ఆడలేమని అనుకోవడమే తప్పు. నా సైన్యం అంతా కాగితం. ముందు ఒక బొమ్మ, వెనక అదే బొమ్మ అద్దంలో చూసినట్టు, మధ్యలో మడత, కింద అతికించడానికి చిన్న నాలుక. పల్చటి బొమ్మలు సైనికులు కాదా అంటే, జర్మనీలో న్యూరెంబర్గ్ వాళ్లు 18వ శతాబ్దంలో తగరంతో పోసినవి ఇట్లాంటి బల్లపరుపు బొమ్మలే. అంత దూరం ఎందుకు, మొన్నటిదాకా మా జిల్లాలోనే ఉన్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలు పల్చగా ఉంటాయని రావణుడికి భయపడనివాళ్లు ఉన్నారా?

కాగితంతో వచ్చే ఇబ్బంది ఒకటే, ఫ్యాను. వేస్తే హైదరాలీ సైన్యం మొత్తం మంచం కిందికి పోతుంది, ఆపితే మేం పోతాం. ఇనుప సామాన్ల అంగట్లో దొరికే వాషర్లు అడుగున అతికిస్తే నిలబడతాయి.

ఇక నేను అడిగేది. ఆదివారం అనుబంధంలో మీరు పిల్లల పేజీ వేస్తారు, చుక్కలు కలపండి, ఆరు తేడాలు కనుక్కోండి, అదే వస్తుంది ఎప్పుడూ. నెలకు ఒక్కసారి ఆ పేజీ మొత్తాన్ని కత్తిరించుకునే బొమ్మలకు ఇవ్వండి. ఒక నెల గుత్తి కోట గేటు, ఒక నెల గండికోట, ఒక నెల కర్నూలు కొండారెడ్డి బురుజు, తర్వాత వాటి సైనికులు. కింద పది లైన్లలో ఆట ఎట్లా ఆడాలో వేయండి. డ్రాయింగులు నేను ఊరికే చేసిస్తాను, మీరు కావాలంటే ఇంకెవరితోనైనా గీయించుకోండి, నాకేం పట్టింపు లేదు. వంకరగా కత్తిరించినా సరే పిల్లలు వాళ్లంతట వాళ్లు కత్తిరిస్తారు, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా కత్తెర పట్టుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది. మా పాప చేసిన మొదటి ఏనుగుకు తొండం తెగిపోయింది, ఇప్పటికీ అది తొండం లేకుండానే యుద్ధాలకు వస్తుంది.

ప్రింటింగు పనిలో ఉన్నవాడిగా ఒక మాట. మీ మామూలు పేపరే చాలు, మేం పాత పెళ్లిపత్రికల అట్టకు అతికించుకుంటాం. కానీ ఆ పేజీ వెనక నిండు నలుపుతో ఫుల్ పేజీ యాడ్ మాత్రం వేయకండి. జిగురు తడి తగిలిందంటే ఆ నలుపు ముందుకు కొట్టి మురారిరావు మొహం మీదికి వస్తుంది.

ఇట్లు,
ఒక ఫ్లెక్సీ షాపు ఓనరు,
అనంతపురం
(పేరు వేయొద్దని మనవి. జనవరిలో గిరాకీ పోతుంది.)