బ్రాంచి మారే దారి ముందే చెప్పండి

సంపాదకుడు గారికి,

విశాఖలో ఇంటర్ పాసైన పిల్లలున్న ఏ ఇంటికి వెళ్లినా ఇప్పుడు ఒకటే ప్రశ్న: అలాట్‌మెంట్ ఎప్పుడట? ఐఐటీ, ఎన్ఐటీ సీట్లిచ్చే జోసా రౌండ్లు ఒక పక్క, రాష్ట్ర ఇంజినీరింగ్ సీట్ల ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఇంకో పక్క, డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు మరో పక్క. ఆలస్యం గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, నేనూ అదే రాయబోవడం లేదు. సీటు నెల ఆలస్యంగా వచ్చినా ఓర్చుకుంటాం. ఇంజినీరింగ్‌లో వచ్చిన బ్రాంచితోనే నాలుగేళ్లూ గడపాలన్న భయమే అసలు టెన్షన్.

మా అమ్మాయిది ఎంపీసీ. లెక్కలంటే ఇష్టం, ఫిజిక్స్ అన్నా ఇష్టమే. చుట్టాలంతా మాత్రం కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకో పేరు ఎత్తనివ్వరు. ఉక్కు ఫ్యాక్టరీ, షిప్‌యార్డు, రిఫైనరీ ఉన్న ఊళ్లో పెరిగిన పిల్లలకు కూడా మెటలర్జీ, కెమికల్ అంటే ఆన్‌లైన్‌లో కాలేజీలు, బ్రాంచిలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో అడుగున పెట్టుకునే పేర్లే. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్, స్టడీ అవర్లు తప్ప ఏమీ చూడని పిల్లలకు ఏ బ్రాంచిలో ఏం చెబుతారో ఎలా తెలుస్తుంది? ఏడాది చదివాక మనసు మారితే ఏం చేయాలని కాలేజీలకు ఫోన్ చేసి అడిగాను. “ఖాళీలుంటే చూద్దాం మేడమ్” అన్నారు. ఏ బ్రాంచిలో ఖాళీలు, ఎన్ని మార్కులు రావాలి, ఎవరు నిర్ణయిస్తారు అంటే జవాబు లేదు.

అందరికీ బ్రాంచి మార్పు ఇచ్చేస్తే సివిల్, మెకానికల్ తరగతులు ఖాళీ అయిపోతాయని లెక్చరర్లు అంటారు. నిజమే కావచ్చు. అలాంటప్పుడు పరిమితి పెట్టండి, కాదనం. కానీ ఆ పరిమితేమిటో ఆప్షన్లు పెట్టకముందే తెలియాలి కదా.

డిగ్రీలో అయితే ఒకప్పుడు ముందే ఎంచుకోవాలన్న ఈ భయమే ఉండేది కాదు. మా రోజుల్లో బీఎస్సీ ఎంపీసీ చేసినవాళ్లు మూడు సబ్జెక్టులూ సమానంగా చదివేవారు. లెక్కలా, ఫిజిక్సా, కెమిస్ట్రీయా అన్నది ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాసేటప్పుడు తేల్చుకునేవారు. కెమిస్ట్రీ మీద ఆశతో చేరి చివరికి లెక్కల లెక్చరర్లు అయినవాళ్లు నాకే తెలుసు. 2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది. అంతకుముందు మూడేళ్ల చదువు తర్వాత తీసుకునే నిర్ణయాన్ని ఇంటర్ పాసైన వెంటనే తీసుకోమన్నారు. పక్కన ఒక మైనర్ (రెండో సబ్జెక్టు) ఇచ్చారు గానీ, పాత పద్ధతిలో మూడు సబ్జెక్టులకూ ఉన్న సమాన విలువ దానికి రాదు. దీనంతటికీ ఆధారంగా చూపించే జాతీయ విద్యా విధానం-2020 మాట్లాడింది విద్యార్థికి వెసులుబాటు గురించే, అదే విచిత్రం. నిబంధనలు ఇకముందు ఎలా మారినా, మొదటి ఏడాది రెండు మూడు సబ్జెక్టులు చదవనిచ్చి, ఆ తర్వాత మేజర్ ఎంచుకోమంటే నష్టమేమిటి? 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మాది. ఆ ప్రయోగం ఇక్కడి డిగ్రీ కాలేజీల్లోనే మొదలుపెట్టవచ్చు.

ఈ ఎదురుచూపుల మధ్య ఇంకో తంతు. ప్రైవేటు సంస్థల నుంచి ఫోన్ల మీద ఫోన్లు: “ఈ వారం కట్టకపోతే ఆ బ్రాంచి ఉండదు”. ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ సీటు వస్తుందో రాదో తెలియని తల్లిదండ్రులు అప్పు చేసి కడుతున్నారు. క్లాసులు మొదలుకాకముందే సీటు వదులుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుని మిగతాదంతా తిరిగి ఇవ్వాలని ఇంజినీరింగ్ కాలేజీలను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసి అడిగినవాళ్లను రేపు రమ్మంటారు, ఎల్లుండి రమ్మంటారు.

ఉన్నత విద్యామండలికి నా విన్నపం ఇదీ. వెబ్ ఆప్షన్లు తెరిచే ముందు, కాలేజీ కోడ్ పక్కనే, కిందటేడు ఆ కాలేజీలో ఎంతమంది బ్రాంచి మార్పు అడిగారో, ఎంతమందికి ఇచ్చారో, ఏ మార్కులకు ఇచ్చారో పెట్టించండి. ఫీజు వాపసు నిబంధన కూడా అదే పేజీలో తెలుగులో ఉండాలి. ఈ లెక్కలన్నీ కాలేజీల దగ్గర ఎలాగూ ఉంటాయి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం